కార్తీక పంచుకలో కోపెన్‌హాగన్ ప్రయాణం: ముగ్గురం ఎక్కడ తినాలి?

పెద్దబజారు, బరంపురం

అందరికీ నమస్కారం. మా అబ్బాయి కోపెన్‌హాగన్ శివార్లలోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు. నవంబరు మొదటి వారంలో నేను, నా భార్య, మా అప్ప (అంటే మా అక్క) వాడి దగ్గరకు వెళ్ళి ఎనిమిది రోజులు ఉండబోతున్నాము. వాడి గది ఒక మనిషికే ఇరుకు కనుక ఊరి నడిబొడ్డున, నోరెపోర్ట్ స్టేషనుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో మాకు బస మాట్లాడాడు. అందులో నీళ్ళు కాచుకునే కెటిల్, ఒక మైక్రోవేవ్ ఉన్నాయి గాని పొయ్యి లేదు. కాబట్టి రోజుకు రెండు పూటలైనా బయట తినక తప్పదు.

మేము దిగిన మరునాటి నుంచే పంచుక. ఆంధ్రా వైపు ఉన్నవారికి ఈ మాట కొత్తగా తోచవచ్చు. గంజాం జిల్లాలో పుట్టి పెరిగిన మాబోటి తెలుగు ఇళ్ళలో, ఒడియా ఇరుగుపొరుగువారితో పాటే, కార్తీక పున్నమితో ముగిసే ఐదు రోజులూ చేప, మాంసం, గుడ్డు ముట్టము. ఆ ఐదు రోజులు కొంగ కూడా చేప జోలికి పోదని ఇక్కడ చంటిపిల్లలకు సైతం తెలుసు. ఉల్లి, వెల్లుల్లి విషయంలో నేనూ నా భార్యా పరదేశంలో చూసీ చూడనట్లు పోగలము. మా అప్ప పోలేదు. ఆమెకు డెబ్బై రెండేళ్ళు, జీవితమంతా శాకాహారి, పంచుకలో ఉల్లి తగిలిన గరిటె కూడా పనికిరాదు. అయితే హబిస అనే కార్తీక వ్రతం పట్టేవారిలా ఒంటిపూట ఉండదు. మూడు పూటలూ తినాలి, మందులు వేసుకోవాలి.

పున్నమి మరునాడు ఛాడఖాయి, అంటే నియమం విడిచి మళ్ళీ చేప, మాంసం తినే రోజు. ఆ రోజు బరంపురం చేపల బజారులో కాలు పెట్టడానికి చోటుండదని ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఈసారి ఆ ఛాడఖాయిని మరో సముద్రపు ఒడ్డున చేసుకోవాలని నాకొక కోరిక. మంచి చేప ఎక్కడ తినాలో చెప్పండి. పంది మాంసం, గొడ్డు మాంసం మాత్రం మా ఇంట ఎన్నడూ లేవు.

నేను వెతికినప్పుడల్లా నెలల ముందుగా చోటు ఖాయం చేసుకొని, నా పింఛను మొత్తం ఒక్క పూటకు సమర్పించుకోవలసిన భోజనశాలల పేర్లే కనిపిస్తున్నాయి. మా ముగ్గురి తిండికి కలిపి రోజుకు 900 క్రోనర్లు దాటకూడదని అనుకుంటున్నాము. ఒక క్రోన్ మన పన్నెండు రూపాయల పైమాటే కనుక అది మాకు చిన్న మొత్తం కాదు. అక్కడ నివసించినవారు దయచేసి వివరంగా రాయగలరు.

జయపురం వాసి

అయ్యా, ఆఫీసు పని మీద నేను ఆ ఊళ్ళో నాలుగు రోజులే ఉన్నాను కనుక నా మాటను ఆ మేరకే తీసుకోండి. వెస్టర్‌బ్రో, నోరెబ్రో అనే పేటల్లో భారతీయ భోజనశాలలు ఉన్నాయి. రెండు పూటలూ అక్కడికే వెళ్ళండి, పప్పు, అన్నం, రొట్టె దొరుకుతాయి, భాష బెడద ఉండదు. కొత్త రుచుల కోసం ప్రయోగాలు చేయవద్దు. నేను చేసి అనుభవించాను.

వీధి మూలన ఒక బండి దగ్గర జనం గుమిగూడి, ఎర్రగా నిగనిగలాడే పొడుగాటి సాసేజీలు తింటున్నారు. ఆ ఎరుపు చూసి కోడి మాంసానికి మసాలా పట్టించారని నాకు నేనే తీర్మానించుకొని, వేలు చూపించి ఒకటి కొన్నాను. సగం తిన్న తరువాత పక్కనున్న విద్యార్థిని అడిగితే అది పంది మాంసమనీ, ఆ ఎరుపు పైపొరకు వేసిన రంగేననీ చెప్పాడు. అమ్మిన మనిషి తప్పు లేదు, నేను అడగలేదు, అతడు చెప్పలేదు. ఆ పూట మాత్రం హోటలు గదిలో అటుకులతో గడిపాను.

నాగావళి, రాయగడ

పై మిత్రునికి జరిగినది అక్కడికి వెళ్ళిన మనవాళ్ళలో సగం మందికి జరిగేదే. ఆ బండ్లు 1921 నుంచీ ఆ ఊరి వీధుల్లో ఉన్నాయి, వాటి మీద ఉడికేది ఎక్కువగా పంది మాంసమే. అయినా మూడేళ్ళు అక్కడ ఉద్యోగం చేసినవాడిగా, రెండు పూటలూ భారతీయ భోజనశాలలే అన్న సలహాతో నేను ఏకీభవించలేను. ఒకటి, మీ 900 క్రోనర్లు రాత్రి ఒక్క పూటకే చెల్లిపోతాయి. రెండు, అక్కడి కూరలన్నిటికీ ఉల్లి, వెల్లుల్లి వేసిన ముద్ద పొద్దుటే ఉడికించి పెట్టుకుంటారు కనుక, మీ అప్పగారికి వేయకుండా చేసి పెట్టమన్నా ఆ క్షణంలో వారి చేతిలో ఉండదు. మీరిద్దరూ ఒక మధ్యాహ్నం వెళ్ళి రండి, ఆమె కోసమని మాత్రం వెళ్ళవద్దు.

కోపెన్‌హాగన్‌లో తిండి విషయంలో పేరున్న చోటు కన్నా వేళ ముఖ్యమని నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. అక్కడివారు మధ్యాహ్న భోజనం పన్నెండు లోపే మొదలుపెడతారు, రాత్రి భోజనం ఆరింటికి. చాలా చోట్ల తొమ్మిది, తొమ్మిదిన్నరకు పొయ్యి ఆర్పేస్తారు. నవంబరు మొదట్లో సాయంత్రం నాలుగున్నర కాకుండానే పొద్దు గుంకిపోతుంది కనుక మీకు ఐదింటికే రాత్రి అనిపిస్తుంది, ఆ అనిపించినదాన్నే అనుసరించండి. మన అలవాటు చొప్పున తొమ్మిదింటికి తీరిగ్గా చెప్పులు తొడుక్కున్నారంటే సెవెన్ ఇలెవెన్ దుకాణంలో చల్లటి రొట్టె తప్ప ఏమీ మిగలదు. పైగా చాలా చోట్ల మధ్యాహ్నపు ధర వేరు, రాత్రి ధర వేరు. అసలు భోజనం మధ్యాహ్నమే కానిచ్చి రాత్రికి తేలికగా ఉంటే మీ లెక్క సరిపోతుంది.

డెన్మార్కులో అమ్మకపు పన్ను 25 శాతం, తిండికి తగ్గింపు లేదు. అందుకే ఒక కప్పు కాఫీకే నలభై క్రోనర్లు దాటుతుంది. అయితే పట్టికలో రాసిన ధరలోనే పన్ను, సేవ రెండూ కలిసి ఉంటాయి, టిప్పు ఇవ్వనక్కరలేదు. మంచినీళ్ళకు మాత్రం జాగ్రత్త: కూర్చొని తినే చాలా చోట్ల కొళాయి నీళ్ళకు కూడా డబ్బు వేస్తారు. బయట కొళాయి నీరు నిక్షేపంగా తాగవచ్చు కనుక ఒక సీసా చేతిలో ఉంచుకోండి. చెల్లింపులన్నీ కార్డుతోనే సాగుతాయి.

మీ బస నోరెపోర్ట్ దగ్గరన్నారు, అది అదృష్టం. ఆ స్టేషను పక్కనే తోర్వెహాలర్నె అనే అంగడి ఉంది. 2011లో తెరిచిన రెండు గాజు మండపాలు, వాటిలో అరవైకి పైగా దుకాణాలు. రొట్టె, చేప, జున్ను, పండ్లు, కాఫీ, వండిన తిండి, అన్నీ కంటి ఎదుట ఉంటాయి. ముగ్గురికి మూడు నియమాలు ఉన్న కుటుంబానికి ఇంతకన్నా అనువైన చోటు ఆ ఊళ్ళో నేను చూడలేదు, ఎందుకంటే ఎవరికి కావలసినది వారు వేర్వేరు దుకాణాల్లో కొనుక్కొని ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఒకరి కోసం మరొకరు సర్దుకోవలసిన పని లేదు.

అక్కడే గ్రోడ్ అనే దుకాణం ఉంది. ఆ మాటకు డేనిష్ భాషలో జావ అని అర్థం. 2011లో యేగర్స్‌బోర్గ్‌గాదె అనే వీధిలో సగం నేలమాళిగలో మొదలైన చిన్న కొట్టు అది. జావ తప్ప మరేదీ ప్రధానంగా అమ్మకుండా నిలదొక్కుకోగలదని ఎవరూ అనుకోలేదట. తరువాత ఊరంతా శాఖలు వెలిశాయి. రాయగడలో చోడి (రాగి) అంబలి తాగి బడికి వెళ్ళినవాణ్ణి నేను. ఆ కొట్టులో మొదటిసారి గిన్నె ముందు పెట్టుకున్నప్పుడు నవ్వు వచ్చింది. ఓట్స్‌ను పాలలో చిక్కగా ఉడికించి, పైన పుల్లటి ఆపిల్ ముక్కలు, వేయించిన బాదం పప్పు, చెంచాడు పాకం వేస్తారు. గిన్నె అంచున జావ గట్టిపడి తొరక కడుతుంది, నడుమ మాత్రం ఆఖరి చెంచా దాకా పొగలు కక్కుతూ ఉంటుంది. బయట ఎముకలు కొరికే గాలి వీస్తుంటే అది లోపలికి దిగుతున్న దారి మనకు తెలుస్తుంది. ఇందులో గుడ్డు లేదు, ఉల్లి లేదు. మీ అప్పగారి పొద్దుటి పూట ఇక్కడ గడిచిపోతుంది. మధ్యాహ్నం వారు పప్పు కూడా పెడతారు, అందులో ఉల్లి వెల్లుల్లి ఉంటాయి కనుక అది మీ ఇద్దరికే.

రాత్రి భోజనానికి నా మొదటి మాట అబ్సలోన్. వెస్టర్‌బ్రోలో సోండర్ బూలెవార్డ్ మీద ఉన్న ఒక పాత చర్చిని 2015లో ప్రజల ఇల్లుగా మార్చారు. అక్కడ సాయంత్రం సరిగ్గా ఆరింటికి అందరూ పొడుగాటి బల్లల దగ్గర కలిసి కూర్చొని తింటారు. టికెట్టు ముందుగా కొనుక్కోవాలి. కూర ఏదో మీరు ఎంచుకునేది ఉండదు, ఆ రోజు వండినదే తినాలి. బల్లకు ఒకరు లేచి వెళ్ళి వంటశాల నుంచి పెద్ద పెద్ద పాత్రలు తెచ్చి పెడితే, పక్కనున్న అపరిచితులకు మనం వడ్డించాలి, మనకు వారు వడ్డిస్తారు. మొదటి రోజు నా పక్కన కూర్చున్న ముసలాయన తన పళ్ళెంలో ఏమీ వేసుకోకముందే నాకు బంగాళాదుంపలు వడ్డించి, చాలా లేదా అన్నట్టు కళ్ళతోనే అడిగాడు. మా ఊరి సంతర్పణలో గరిటె పట్టుకొని పంక్తిలో తిరిగే పెద్దలు గుర్తుకు వచ్చారు. హోటలు భోజనంతో పోలిస్తే ధర చాలా తక్కువ. టికెట్టు కొనేటప్పుడే శాకాహారమని చెప్పాలి. ఉల్లి లేకుండా కుదరదు గనుక ఆ ఒక్క సాయంత్రం మీ అప్పగారికి బసలో ఏర్పాటు చేసి, మీ దంపతులు మాత్రం తప్పక వెళ్ళండి.

న్యూహావ్న్ అనే కాలువ ఒడ్డున రంగురంగుల ఇళ్ళ ముందు వరుసగా భోజనశాలలు కనిపిస్తాయి. ఫోటో తీసుకొని నడిచి వచ్చేయండి. రెఫెన్ అనే వీధి వంటల సంత గురించి ఎవరైనా చెబితే అది ఎండాకాలపు ముచ్చట, నవంబరులో దాని కోసం అంత దూరం వెళ్ళనక్కరలేదు. ఇంకొక్కటి. నవంబరు మొదటి శుక్రవారం రాత్రి సరిగ్గా 8:59కి అక్కడ క్రిస్మస్ బీరును విడుదల చేస్తారు. ఆ రాత్రి ఊరి మధ్య వీధులు, మద్యశాలలు కిక్కిరిసి ఉంటాయి, నీలిరంగు టోపీలు పెట్టుకున్న కుర్రకారు పాటలు పాడుతూ తిరుగుతారు. భయపడవలసినది ఏమీ లేదు గాని, పెద్దావిడతో ఆ వేళకు బసకు చేరుకోవడం మంచిది.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అన్నయ్యగారికి నమస్కారం. మా అమ్మాయి పురిటికని నేను ఆ ఊళ్ళో నాలుగు నెలలు ఉన్నాను. నేను కూడా శాకాహారినే, పంచుక పట్టేదాన్నే. నాగావళిగారు చెప్పినవి బాగున్నాయి, కాని మగవారి లెక్కలో ఉల్లి అంటే కంటికి కనిపించే ఉల్లిపాయ మాత్రమే. మీ అప్పగారి కోసం నాలుగు మాటలు రాస్తాను.

ముందుగా అడగడం నేర్చుకోవాలి. శాకాహారి అని ఊరుకుంటే వారు మాంసం, చేప తీసేస్తారు, గుడ్డు అలాగే ఉంటుంది. వేగన్ అంటే గుడ్డు, పాలు రెండూ పోతాయి, మన పెరుగూ పోతుంది. అందుకే నేను ఒక చీటీ మీద మా అమ్మాయి చేత డేనిష్‌లో రాయించుకొని చూపించేదాన్ని: పాలు, వెన్న పరవాలేదు, గుడ్డు, చేప, మాంసం, ఉల్లి, వెల్లుల్లి వద్దు. ఉల్లిని వారు లోయ్ అంటారు, వెల్లుల్లిని విద్‌లోయ్ అంటారు. విద్ అంటే తెలుపు. మన వెల్లుల్లి కూడా వెల్ల ఉల్లే కదా. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి నేను ఆ మాట ఇక మరిచిపోలేదు. వారు సన్నగా తరిగి ప్రతిదాని మీదా చల్లే పచ్చటి కాడల పేరు పుర్‌లోయ్, అందులోనూ లోయ్ ఉంది చూశారా, అది కూడా ఉల్లి జాతే. కొత్తిమీర అనుకొని నేను ఒకసారి మోసపోయాను.

ఐరోపా చట్టం ప్రకారం గుడ్డు, పాలు, చేప, గోధుమ మొదలైన 14 రకాల పదార్థాల్లో ఏవి వంటకంలో ఉన్నాయో అడిగినవారికి చెప్పి తీరాలి. కనుక గుడ్డు గురించి అడిగితే ఎవరూ విసుక్కోరు, లోపలికి వెళ్ళి కనుక్కొని మరీ వచ్చి చెబుతారు. ఉల్లి, వెల్లుల్లి ఆ జాబితాలో లేవు, అందుకే చీటీ కావాలి. మయొనైజులో గుడ్డు ఉంటుంది. వణికే తీపి పదార్థాల్లో జంతువుల ఎముకల నుంచి తీసిన జెలటిన్ ఉండవచ్చు. కొన్ని జున్నులను దూడ కడుపులోని రసంతో విరగగొడతారు. ఇవన్నీ మీ అప్పగారికి ఒకేసారి చెప్పి ఆమె ఆకలి చంపకండి, మీ మనసులో పెట్టుకుంటే చాలు.

బేకరీలు ఆ ఊరి గర్వం. మనం డేనిష్ పేస్ట్రీ అనేదాన్ని వారు వియన్నా రొట్టె అంటారు, వారి పేరు మనకు, మరొకరి పేరు వారికి. సాంక్ట్ పేడర్స్ అనే బేకరీ 1652 నుంచి ఉందని చెబుతారు, అక్కడ బుధవారం నాడు నత్తగుల్లలా చుట్టిన దాల్చినచెక్క రొట్టెల కోసం వరుస కడతారు. నాకు నచ్చింది టెబీర్కెస్. పొరలు పొరలుగా వెన్న కారుతూ, పైన ఒత్తుగా గసగసాలు. పోస్తు లేనిదే కూర వండని ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళం కదా, మొదటి కొరుకుకే ప్రాణం లేచి వచ్చింది. కాని వాటి పైపూతకు గుడ్డు వాడే బేకరీలు చాలా ఉన్నాయి. పంచుకలో అడిగి, లేదని చెబితేనే కొనండి. పున్నమి దాటాక మీ దంపతులకు ఎటూ అడ్డు లేదు.

అన్నిటికన్నా మీ అప్పగారిని కాపాడేది మజ్జిగ. ఏ సూపర్‌బజారులోనైనా కేర్నెమెల్క్ పేరుతో లీటరు డబ్బాలో అచ్చమైన మజ్జిగ దొరుకుతుంది, చవక కూడా. టూక్‌మెల్క్ అంటే తోడుకున్న పాలు, గట్టి పెరుగు కన్నా పలచగా, పుల్లగా ఉంటుంది. మైక్రోవేవ్‌లో అన్నం వండుకోవచ్చు, లేదా ఉడికించి సంచిలో కట్టిన అన్నం కొనుక్కోవచ్చు. దానిలో ఇది కలిపి, ఉప్పు వేసి, రాత్రంతా ఉంచి పొద్దున తింటే మన చద్దన్నం పఖాళకు దగ్గరగా వస్తుంది. ఆ చలిలో పఖాళ ఏమిటని మా అల్లుడు వారించాడు. గది లోపల ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది, నాకేమీ కాలేదు.

నాగావళిగారు జావ గురించి రాశారు కనుక ఒక హెచ్చరిక. ఓలెబ్రోడ్ అనే ముదురు గోధుమ రంగు జావ ఒకటి ఉంది. ఎండిన నల్ల రొట్టెను నానబెట్టి ఉడికిస్తారు, పుల్లపుల్లగా, చూడటానికి మన చోడి అంబలిలా ఉంటుంది. దానిలో వాడేది బీరు. పేరులో ఉన్న ఓల్ అంటేనే బీరు. చాలా తేలికపాటిదే అయినా, పంచుకలో ఆమెకు పెట్టి తరువాత చెప్పవలసి రాకూడదు.

ఇంటి నుంచి అటుకులు, వేయించిన పెసరపప్పు పొడి, బరంపురం అప్పడాలు తీసుకువెళ్ళండి. అప్పడం మైక్రోవేవ్‌లో నిమిషంలో పొంగుతుంది. నెయ్యి, కోవా, ఛెనాపోడ మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాలతో, మాంసంతో చేసినవి ఐరోపాలోకి తేకూడదు. విమానాశ్రయంలో తీసి పారేస్తుంటే చూడలేము. వెన్న అక్కడ ఎంత కావాలంటే అంత దొరుకుతుంది, డెన్మార్కు వెన్నకే కదా పేరు.

పెద్దబజారు, బరంపురం

చెల్లెమ్మగారికి, నాగావళిగారికి కృతజ్ఞతలు. చీటీ సంగతి మా అబ్బాయికి చెబితే అప్పుడే రాసి పంపించాడు. మా అప్పకు మజ్జిగ గురించి చదివి వినిపించాను, అంతవరకూ ప్రయాణం మానుకుంటానన్న మనిషి, డబ్బా మీద ఏమని రాసి ఉంటుందో ఒక కాగితం మీద తెలుగులో రాయించుకుంది. అబ్సలోన్‌కు మేమిద్దరం మూడో రోజు వెళ్తాము, ఆ సాయంత్రం మా అబ్బాయి తన అత్తకు తోడు ఉంటానన్నాడు.

ఇక మిగిలింది ఛాడఖాయి. ఆ ఒక్క పూటకు ముగ్గురికీ, అబ్బాయితో కలిపి నలుగురికీ, కొంచెం ఎక్కువ ఖర్చైనా పరవాలేదు.

నాగావళి, రాయగడ

ఛాడఖాయి రోజున మధ్యాహ్నం స్మోర్‌బ్రోడ్ తినండి. ఇది అక్కడివారి మధ్యాహ్న భోజనం, సాయంత్రానికి చాలా కొట్లు మూసేస్తారు. రై ధాన్యంతో చేసిన నల్లటి, బరువైన రొట్టె ముక్కకు వెన్న రాసి, దాని మీద ఒక్కొక్క రకం పేర్చి ఇస్తారు. పైన మరో ముక్క మూయరు. చేత్తో ఎత్తి తినాలని చూస్తే అంతా ఒడిలో పడుతుంది, చాకు, ముళ్ళచెంచాతోనే తినాలి. ఈ పద్ధతికి పేరుబడ్డ చోటు షోనెమాన్, 1877 నుంచి ఉంది, మీ బస నుంచి నడిచి వెళ్ళవచ్చు. ముందుగా చోటు చెప్పుకోక తప్పదు. ఒక్కొక్క ముక్క ధర నూరు క్రోనర్లకు అటూ ఇటూ, చేపను బట్టి ఇంకా పైనా ఉంటుంది. మనిషికి రెండు ముక్కలు చాలు. అంత పెట్టడం ఇష్టం లేకపోతే తోర్వెహాలర్నె అంగడిలోనే ఒక స్మోర్‌బ్రోడ్ దుకాణం ఉంది, చోటు చెప్పుకునే పని లేదు.

తినడానికి ఒక వరుస ఉంది: ముందు హెరింగ్, తరువాత ఇతర చేపలు, ఆపైన మాంసం, చివర జున్ను. హెరింగ్‌ను వారు సిల్డ్ అంటారు. గోపాలపూర్ ఒడ్డున వలలో పడే కవళ్ళకు అది చుట్టమే, కొంచెం పెద్దది, కొవ్వు ఎక్కువ. ఉప్పులో ఊరబెట్టి, తరువాత వెనిగరు, పంచదార, మిరియాలు, ఉల్లి వేసిన నీటిలో నానబెడతారు. పళ్ళెంలో వెండిరంగు తోలు కనిపిస్తూ, ముక్క మెత్తగా, చల్లగా ఉంటుంది. మొదటి ముక్కకు మీరు మొహం చిట్లించడం ఖాయం, ఎందుకంటే మనకు చేప పులుసు అంటే కారం, వేడి, ఇక్కడ తీపి, చలువ. రెండో ముక్కను రొట్టె పులుపుతో కలిపి నమలండి, అప్పుడు దారిలోకి వస్తుంది. పట్టికలో కర్రీసిల్డ్ అని కనిపిస్తే అది కూరపొడి కలిపిన పసుపుపచ్చ సాసులో వేసిన హెరింగ్. మన కూర వాసన తగులుతుందని ఆశపడవద్దు, అదీ తియ్యగానే ఉంటుంది. నేను మాత్రం దాన్ని ఇష్టపడే కొద్దిమంది మనవాళ్ళలో ఒకణ్ణి.

మీ ఇంటావిడకు హెరింగ్ నచ్చకపోతే స్టియర్నెస్కుడ్ చెప్పండి. రాలే నక్షత్రమని ఆ మాటకు అర్థం. రొట్టె మీద ఆవిరికి ఉడికిన చేప, పొడి అద్ది వేయించిన చేప, ఆ పైన చిన్న రొయ్యలు, నిమ్మకాయ ముక్క. వేయించిన ముక్క మన వేపుడుకు దగ్గరగా, కరకరలాడుతూ ఉంటుంది. ఇంటి నుంచి కాస్త కారప్పొడి కాగితంలో మడిచి పట్టుకువెళ్ళడం తప్పు కాదు, నేను మూడేళ్ళూ అదే చేశాను.

మీ అప్పగారికి కార్టోఫెల్‌మాద్. ఉడికిన బంగాళాదుంప చక్రాలు రొట్టె మీద పేర్చి ఉంటాయి. మామూలుగా పైన మయొనైజు వేస్తారు, కొన్ని చోట్ల వేయించిన పంది ముక్కలు కూడా చల్లుతారు కనుక రెండూ వద్దని ముందే చెప్పాలి. వెన్న, ఉప్పు, మిరియాలు, వేయించిన ఉల్లి చాలు. పంచుక దాటింది కనుక ఉల్లికి ఆమె అభ్యంతరం ఉండదని అనుకుంటున్నాను.

ఒకవేళ వడ్డించేవారు మా జాతీయ వంటకం తినండని ఉత్సాహపడితే నవ్వి తప్పించుకోండి. 2014లో జనం ఓటు వేసి ఎన్నుకున్న ఆ వంటకం కరకరలాడే పంది మాంసం, తెల్ల సాసు. అలాగే ఆ వారంలో ఎక్కడ చూసినా బాతు మాంసం ప్రకటనలు కనిపిస్తాయి. నవంబరు 10 రాత్రి మార్టిన్ అనే సాధువు పేరిట బాతు తినడం వారి ఆచారం. బాతు మీకు ఇష్టమేనా అన్నది మీరు రాయలేదు.

పెద్దబజారు, బరంపురం

బాతు గుడ్డు తప్ప బాతు ఎన్నడూ తినలేదు, ఈ వయసులో మొదలుపెట్టము. ఛాడఖాయి నాడు మధ్యాహ్నం పన్నెండింటికి షోనెమాన్‌లో నలుగురికి చోటు చెప్పించాను. మూడు హెరింగ్‌లు, రెండు రాలే నక్షత్రాలు, ఒక బంగాళాదుంప. కారప్పొడి పొట్లం మా ఇంటావిడ అప్పుడే కట్టి, నా కోటు లోపలి జేబులో పెట్టింది.